తండ్రి పాదములు, కుమారుని పరుగు

1985వ సంవత్సరము, జూన్ నెల, మూడవ ఆదివారము. అమెరికాలో ఆ దినమును తండ్రుల పండుగగా జరుపుకొందురు. మసాచుసెట్స్ రాష్ట్రములో, బోస్టన్ నగరమునకు ఉత్తరముగా నున్న మెడ్‌ఫర్డ్ పట్టణమున నాటి ఉదయము ‘బే స్టేట్ ట్రయాథ్లాన్’ అను పందెము జరుగనుండెను. నీటి యొడ్డున నిలిచిన పందెగాండ్రు ఎవరి శరీరమును వారు మోసికొనిపోవలసినవారే. వారిలో ఒక్కడు మాత్రము అట్టివాడు కాడు. ఆయన రొమ్మునకు ఒక పట్టీ. ఆ పట్టీకి ఒక త్రాడు. త్రాటి కొసన ఒక చిన్న రబ్బరు పడవ. పడవలో పరుండియున్నవాడు ఆయన పెద్దకుమారుడు. కుమారునికి ఇరువదిమూడేండ్లు. నడువలేడు, చేతులు తన యిచ్చకు లొంగవు, నోట మాట రాదు. తండ్రికి నలువదియైదేండ్లు. ఈ పందెమునకు సిద్ధపడవలసివచ్చిన నాటికి ఆయనకు ఈత రాదు.

తండ్రి పేరు డిక్ హోయిట్. కుమారుని పేరు రిక్. వారికి ముందున్న దారి: నీటిలో 1 మైలు, సైకిలుపై 40 మైళ్ళు, పిదప కాలినడకన కాదు, పరుగున 10 మైళ్ళు. మన లెక్కలో మొత్తము 82 కిలోమీటర్లు. మూడింటికి నడుమ విశ్రాంతి లేదు. ఒకటి ముగిసిన క్షణమున రెండవది మొదలగును. గడియారము మొదటి నుండి తుది వరకు ఒకటే.

ట్రయాథ్లాన్ అను ఈ మూడంచెల పందెము మిక్కిలి ప్రాచీనమైనది కాదు. ఆ పేరుతో నేటి రూపమునకు మూలమైన పందెము 1974లో అమెరికాలోని శాన్ డియాగో నగరమున, మిషన్ బే అను చోట జరిగినది. 1978లో హవాయి దీవులలో దానిని మిక్కిలి దీర్ఘముగా సాగదీసి, ఒకే దినమున 2.4 మైళ్ళ ఈత, 112 మైళ్ళ సైకిలు, పూర్తి మారథాన్ పరుగు అని నిర్ణయించిరి. నాడు బయలుదేరినవారు 15 మంది. ముగించినవారు 12 మంది. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో చోటు దక్కించుకొన్నది హ్రస్వమైన పందెము. ఈ రెండింటికి నడుమ మధ్యమ దూరపు పందెములు గలవు. నేడు వాటికి సాధారణముగా పాటించు కొలత 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. మెడ్‌ఫర్డ్ పందెము అంతకు కొంచెము తక్కువయైనను ఆ జాతికి చెందినదే.

మధ్యమ దూరమునకు ఒక విశిష్ట స్వభావము కలదు. హ్రస్వ పందెమును యౌవన బలముతో ఒక్క ఊపున ముగింపవచ్చును. దీర్ఘ పందెమున మొదటి నుండియు నెమ్మదిగా పోవుటయే నీతి. మధ్యమము ఈ రెండింటికిని లొంగదు. వేగము తగ్గించినచో కాలము గడచిపోవును. వేగము పెంచినచో కండరములలో నిలువయున్న పిండిపదార్థము రెండు మూడు గంటలలో అడుగంటును. దారిలో తినుచు త్రాగుచు పోవలెను. కాని కడుపునకు పోవలసిన నెత్తురు కాళ్ళకు పోవుచుండును గనుక తిన్నది సులభముగా జీర్ణము కాదు. ఇట్టి పందెములలో పాల్గొనువారిలో అధిక సంఖ్యాకులు బహుమతుల ఆశ లేనివారు. తెల్లవారుజామున లేచి, ఉద్యోగములకు పోవుటకు ముందు సాధన చేసికొను సామాన్యులు. డిక్ హోయిట్ కూడ అట్టివాడే. ఆయన నేషనల్ గార్డు సైన్యమున అధికారి. చదువుకొను దినములలో ఫుట్‌బాల్ ఆడినవాడేగాని దూరపు పరుగులు ఎరిగినవాడు కాడు.

ఈ పందెము యొక్క నిజమైన ఆరంభము నీటి యొడ్డున కాదు. దానిని తెలిసికొనుటకు ఇరువదిమూడేండ్లు వెనుకకు పోవలెను.

రిక్ 1962 జనవరిలో జన్మించెను. ప్రసవ సమయమున బొడ్డుత్రాడు మెడకు చుట్టుకొని, శిశువు మెదడునకు ప్రాణవాయువు అందక పోయెను. ఫలితముగా సెరిబ్రల్ పాల్సీ యను వ్యాధి సంక్రమించెను. శరీరమున అవయవములన్నియు ఉన్నవి. వాటికి ఆజ్ఞ నిచ్చు నాడులు మాత్రము తెగిన వీణాతంత్రులవలె మాట వినవు. ఈ బిడ్డ ఎన్నడును మనుష్యులలో మనుష్యుడు కాజాలడనియు, ఏదేని సంస్థలో విడిచి మరచిపోవుట మేలనియు వైద్యులు తలిదండ్రులకు హితవు చెప్పిరి. ఆ కాలమున అది క్రూరమైన మాటగా ఎవరును ఎంచియుండరు. అట్లు విడిచినవారు అనేకులు. డిక్, ఆయన భార్య జూడీ బిడ్డను ఇంటికి తెచ్చుకొనిరి. తాము గదిలో అటునిటు తిరుగుచున్నపుడు బిడ్డ కన్నులు తమ వెంట తిరుగుచుండుట వారు గమనించిరి. వైద్యులు చూడని దానిని వారు చూచినది అంతమాత్రమే. చూపు వెంబడించుచున్నచో లోపల చూచువాడొకడు ఉన్నట్లే గదా!

జూడీ ఆ బిడ్డకు తానే ఉపాధ్యాయిని అయ్యెను. గరుకు కాగితముతో అక్షరములను కత్తిరించి, వాటిపై బిడ్డ వ్రేళ్ళను రాయించి వర్ణమాల నేర్పెను. ఇంటిలోని వస్తువులన్నింటిపై వాటి పేర్లు వ్రాసి అంటించెను. మన పల్లెలలో ఇసుకపై వ్రేలితో అక్షరములు దిద్దించిన పంతుళ్ళను ఎరిగిన పాఠకులకు ఈ పద్ధతి క్రొత్తగా తోచదు. క్రొత్తది ఏమనగా, ఈ శిష్యుడు నేర్చినాడో లేదో గురువునకు తెలియు మార్గము లేదు. ప్రశ్నకు తల ఊపును, నవ్వును. అంతకు మించిన ప్రత్యుత్తరము రాదు. పాఠశాలలు అతనిని చేర్చుకొనుటకు నిరాకరించిన కారణము అదియే: మాటలాడనివాడు గ్రహింపలేడని.

తలిదండ్రులు టఫ్ట్స్ విశ్వవిద్యాలయపు ఇంజినీర్లను ఆశ్రయించిరి. వారు మొదట నమ్మలేదు. ఎవరో ఒక హాస్యోక్తి చెప్పగా బాలుడు విరగబడి నవ్వెను. ఆ నవ్వే ప్రవేశ పరీక్ష అయ్యెను. హాస్యము గ్రహించువాడు బుద్ధిహీనుడు కాజాలడు గదా! 5,000 డాలర్ల వ్యయముతో 1972లో వారొక యంత్రమును నిర్మించిరి. తెరపై అక్షరములు వరుసగా వెలుగుచుండును. తనకు కావలసిన అక్షరము వెలిగినపుడు రిక్ తలను ప్రక్కకు త్రిప్పి ఒక మీటను తాకును. ఆ అక్షరము నిలుచును. అక్షరమునకు అక్షరము చేర్చి మాట; మాటకు మాట చేర్చి వాక్యము. పదేండ్ల బాలుడు తొలిసారి ఏమి పలుకునోయని ఇంటివారందరు వేచియుండిరి. ‘అమ్మా’ అనునని తల్లియు, ‘నాన్నా’ అనునని తండ్రియు ఆశించిరి. అతడు కూర్చిన తొలి వాక్యము బోస్టన్ నగరపు మంచు హాకీ జట్టయిన బ్రూయిన్స్‌కు జయధ్వానము! ఆ ఋతువులో ఆ జట్టు కప్పు కొరకు పోరాడుచుండెను. అనగా ఆ బాలుడు అన్ని దినములు ఆటల ముచ్చటలన్నియు వినుచు, పక్షము వహించి, లోలోపల కేకలు వేయుచుండెనన్న మాట.

ఈ ఒక్క సంగతి తరువాతి కథ కంతటికి తాళపుచెవి. దీనిని విస్మరించినచో మెడ్‌ఫర్డ్ ఒడ్డున మనము చూచునది కుమారుని కట్టుకొని యీడ్చుకొనిపోవు ఒక తండ్రిని మాత్రమే.

రిక్‌కు పదుమూడేండ్లు నిండిన పిమ్మట, 1975లో, ప్రభుత్వ పాఠశాలలో ప్రవేశము లభించెను. అంగవైకల్యముగల పిల్లలకు సాధారణ పాఠశాలల తలుపులు తెరచు చట్టమును మసాచుసెట్స్ రాష్ట్రము 1972లోనే చేసికొనెను. దాని కొరకు పాటుబడినవారిలో జూడీ ఒకతె. దేశమంతటికి అట్టి చట్టము 1975లో వచ్చెను. మన దేశమున అంగవైకల్యముగల పిల్లలకు పదునెనిమిదేండ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా చెప్పిన చట్టము వెలువడినది 1995లో. తేదీలు ప్రక్కప్రక్కన ఉంచి చూచిన ఉపాధ్యాయులకు వేరుగా చెప్పవలసినది లేదు.

1977లో ఒక సంగతి జరిగెను. ప్రమాదములో అవయవముల చలనము కోల్పోయిన ఒక క్రీడాకారుని సహాయార్థము ఐదు మైళ్ళ పరుగు ఏర్పాటు చేసిరి. ఆ వార్త విని రిక్ తానును పాల్గొందునని తండ్రికి తెలిపెను. ఆ కోరికలోని విశేషము గమనింపదగినది. అతడు సానుభూతి పొందుటకు అలవాటుపడినవాడు; ఇప్పుడు మరియొకనికి సానుభూతి చూపదలచెను. నలువదికి చేరువయగుచున్న తండ్రి, పరుగులకు పనికిరాని మామూలు చక్రాల కుర్చీని త్రోయుచు ఐదు మైళ్ళును పరుగెత్తెను. చిట్టచివరివారికి ముందువారుగా ముగించిరి. తరువాత కొన్ని దినములు కదలలేక వైకల్యమన నేమో తనకే తెలిసివచ్చినదని డిక్ పరిహాసముగా చెప్పుకొనెడివాడు. ఆ రాత్రి ఇంటికి వచ్చి రిక్ తన యంత్రముపై తండ్రికి ఒక మాట కూర్చెను: పరుగెత్తునపుడు తనకు వైకల్యమున్నట్లే తోచలేదని.

అంతటితో తండ్రి జీవితము మలుపు తిరిగెను. కుమారుడు పాఠశాలలో ఉన్న వేళలలో సాధన ఎట్లు? కుర్చీలో సిమెంటు బస్తా నుంచి, దానిని త్రోయుచు డిక్ పరుగెత్తెను. దారిన పోవువారికి అది వింతగా తోచియుండును. బస్తా బరువును మోయుట సులభము, అది నవ్వదు. కుమారుడు కూర్చున్న దినమున పరుగు ఎక్కువ వేగముగా సాగెడిదని ఆయనయే పలుమారు చెప్పియున్నాడు.

పందెముల నిర్వాహకులకు ఈ జంట ఒక చిక్కు సమస్య. వీరు పరుగుగాండ్రా? పరుగెత్తువాడు ఒక్కడే. కుర్చీ పందెగాండ్రా? కుర్చీలో ఉన్నవాడు చక్రములు త్రిప్పుట లేదు. నియమావళిలో వీరికి గడి లేదు. 1981లో బోస్టన్ మారథాన్‌లో వీరు సంఖ్య లేకయే, అందరి వెనుక నిలిచి పరుగెత్తిరి. అధికారికముగా చేర్చుకొనవలెనన్నచో అర్హత కాలము సాధింపవలెననిరి. ఆ కాలమును నలువది దాటిన తండ్రి వయస్సును బట్టి గాక, ఇరువది దాటిన కుమారుని వయస్సును బట్టి లెక్కించిరి. ఇది కఠినమైన షరతు. కాని మరొకవైపు చూచినచో, పందెగాడు కుమారుడేయని నిర్వాహకులే తెలియక ఒప్పుకొన్నట్లు కాదా? 2 గంటల 50 నిమిషములలో మారథాన్ ముగింపవలసియుండగా, వారు 1983లో వాషింగ్టన్‌లో జరిగిన మెరీన్ కోర్ మారథాన్‌ను అంతకంటె తక్కువ కాలములో ముగించిరి. తరువాత బోస్టన్ తలుపు తెరచుకొనెను.

ట్రయాథ్లాన్ మాట ఎత్తినవాడు డేవ్ మెక్‌గిల్‌వ్రే. ఆయన 1978లో పసిఫిక్ తీరమునకు చెందిన ఆరెగాన్ రాష్ట్రములోని మెడ్‌ఫర్డ్ నుండి మసాచుసెట్స్‌లోని తన మెడ్‌ఫర్డ్ వరకు, దేశమును అడ్డముగా పరుగెత్తి దాటిన ఘనుడు. అనంతరకాలమున బోస్టన్ మారథాన్‌కు నిర్వాహకుడైనవాడు. బే స్టేట్ పందెమును నడుపుచున్నది ఆయనయే. డిక్ పరుగు చూచి, నీవు ట్రయాథ్లాన్‌కు రావలెనని ఆహ్వానించెను. రిక్‌తో కలిసియైనచో వత్తునని డిక్ సమాధానము. సంభాషణ అంతటితో ఆగిపోయెను. మరుసటి యేడు మరల అదే ప్రశ్న. మరల అదే సమాధానము. ఈ మారు మెక్‌గిల్‌వ్రే, అట్లైనచో కావలసిన సామగ్రి ఏమో ఆలోచింపుమనెను. డిక్ సరేయనెను. ఈత రాదనియు, సైకిలు తొక్కి దశాబ్దములు గడచినవనియు ఆయనకు తెలియని సంగతులు కావు.

డిక్ ఒక సరస్సు ఒడ్డున ఇల్లు కొనెను. తొలినాడు నీటిలో దుమికి రాయివలె మునిగితినని ఆయన చెప్పుకొనెడివాడు. నడివయస్సున ఈత నేర్చుట ఎంత కష్టమో నేర్చినవారికే తెలియును. బాల్యమున నేర్చినవానికి నీరు అమ్మ ఒడి. నలువది దాటినవానికి అది శత్రువు. ఊపిరి ఎప్పుడు పీల్చవలెనో, ఎప్పుడు విడువవలెనో దేహము మరల అక్షరాభ్యాసము చేసికొనవలెను. ప్రతిదినము పని ముగించుకొని వచ్చి ఆయన నీటిలో దిగెను. కొద్ది గజములు, మరునాడు మరికొన్ని గజములు. కుమారుడు తలతో మీటను తాకి అక్షరమునకు అక్షరము చేర్చిన తీరునకు, తండ్రి బారకు బార చేర్చిన ఈ తీరునకు పెద్ద భేదము లేదు.

ఇక పందెము. మూడంచెలలో ఈతను మొదట ఉంచుటకు కారణము కలదు. అలసినవాడు సైకిలు దిగి ప్రక్కన నిలువవచ్చును, పరుగు మాని నడువవచ్చును. నీటిలో అలసినవాడు నిలుచుటకు చోటు లేదు. కనుక బలము నిండుగా ఉన్నపుడే నీటిని దాటింతురు. ఈతకొలనులో అడుగున నల్లని గీత దారి చూపును. సరస్సులో అట్టిది లేదు. కొన్ని బారలకు ఒకమారు తల ఎత్తి గుర్తును చూచుకొనవలెను. తల ఎత్తినంతనే కాళ్ళు మునుగును, వేగము తగ్గును. ఒంటరి ఈతగానికే ఈ తంటా. రొమ్మునకు త్రాడున్నవానికి మరియొకటి: బార వేసినపుడు త్రాడు బిగియును, ఊపిరికి తల త్రిప్పినపుడు సడలును, మరల బార వేయగనే వెనుకనుండి ఎవరో లాగినట్లగును. రబ్బరు పడవ తేలికయైనది గనుక గాలి కొంచెము వీచినను ప్రక్కకు పోవును. తండ్రి గాలికి ఎదురీదవలెను. మైలు పొడుగునా ఇదే వరుస. ఆయనకు కనబడునది మసక నీరు. కుమారునికి కనబడునది ఆకాశము. ఒకే పందెమున ఇరువురి అనుభవములు ఎంత వేరు! వెనుక త్రాడు బిగియుట తండ్రికి బరువు. ముందుకు కుదుపు తగులుట కుమారునికి వేగము.

ఒడ్డు చేరినంతనే ‘మార్పు స్థలము’. ఇతరులు ఒకటి రెండు నిమిషములలో తడి దుస్తులు విడిచి, శిరస్త్రాణము పెట్టుకొని, సైకిలెక్కి పోవుదురు. ఈ మార్పును పందెపు నాల్గవ అంచె యని చమత్కరించుట కలదు. డిక్‌కు అది నిజముగనే నాల్గవ అంచె. ఈత ముగించి తూలుచున్న కాళ్ళతో నిలిచి, ఎదిగిన కుమారుని పడవనుండి రెండు చేతులతో ఎత్తుకొని, ఇసుకపై మోసికొనిపోయి, బండిలో కూర్చుండబెట్టి, తల వాలకుండ సరిచేసి, పట్టీలు బిగించి, అటుపిమ్మట తన సంగతి చూచుకొనవలెను. తొందరపడుటకు వీలు లేదు. ఒక పట్టీ వదులుగా నున్నచో దారిలో తెలిసివచ్చును; అది చెప్పుటకు వెనుకనున్నవానికి నోరు లేదు.

నాటి సైకిలు పందెమున రిక్ కూర్చున్నది సైకిలు వెనుక తగిలించిన బండిలో. తరువాతి యేండ్లలో సైకిలు ముందు భాగమున కుమారుడు కూర్చుండు ఆసనము చేయించిరి; రిక్ దారిని ముందుగా చూడగలిగినది అప్పటినుండియే. వెనుక బండి ఉన్నపుడు తండ్రికి కుమారుడు కనబడడు. నలువది మైళ్ళు కనబడని వానిని నమ్మి తొక్కవలెను. సమతలముపై బరువు అంతగా తెలియదు; చక్రము దొరలుచునే యుండును. చిన్న మిట్ట వచ్చినచో అసలు లెక్క బయటపడును. సైకిలు, తాను, బండి, కుమారుడు, ఇన్నింటిని భూమ్యాకర్షణకు ఎదురుగా ఎత్తవలసినవి రెండు తొడలు. మిట్ట దిగునపుడు సుఖమా యన్నచో అదియు కాదు. ఇతరులు పల్లమున వేగమును స్వేచ్ఛగా విడుతురు. ఈయన బ్రేకు నొక్కి దిగవలెను. ఎక్కునపుడు పోగొట్టుకొన్న కాలమును దిగునపుడు తిరిగి సంపాదించుటకు వీలు లేనివాడు ఆ పందెమున ఆయన ఒక్కడే.

సైకిలు దిగిన పిమ్మట పరుగు. మధ్యమ దూరపు పందెమున సామాన్య పందెగానికి ఇదియే అగ్నిపరీక్ష. రెండు మూడు గంటలు గుండ్రముగా తిరిగిన కాళ్ళు ఒక్కసారిగా నేలను తన్నుటకు అలవాటుపడవు. తనవి కానట్లు, కొయ్యకాళ్ళవలె బిగిసియుండును. మొదటి మైలు, రెండవ మైలు గడచినగాని నడక కుదురదు. అప్పటికి కండరములలోని శక్తి అడుగంటియుండును. ఇక్కడనే పలువురు నడకకు దిగుదురు. డిక్‌కు ఈ అంచె పరిచితమైనది. ఎనిమిదేండ్లుగా కుర్చీ త్రోయుచు పరుగెత్తినవాడు. అందరు చేతులూపుచు పరుగెత్తుదురు. చేయి ఊపు కాలికి సాయము. ఆయన చేతులు కుర్చీ పిడిని వదలరాదు. అయినను కుర్చీ లేక ఒంటరిగా పరుగెత్తి చూడుమని, ఎంత వేగము సాధింతువో తెలియునని అడిగినవారికి ఆయన ఎన్నడును అంగీకరింపలేదు. రిక్ లేక పరుగెత్తుటకు తనకు కారణము లేదనెడివాడు. పది మైళ్ళు ముగిసెను. ఇరువురును కలిసి గీత దాటిరి.

ఇచట ఒక ఆక్షేపణను తప్పించుకొని పోరాదు. ఆ తొలి దినములలో వీరిని ఎవరును ఆదరముతో చూడలేదు. నోరులేని కుమారుని అడ్డుపెట్టుకొని తండ్రి కీర్తి సంపాదించుచున్నాడని నిందించినవారు కలరు. అట్టి ఉత్తరములు వ్రాసినవారును కలరు. ఈ ప్రశ్న మూర్ఖమైనది కాదు. సంతానపు పేరిట తమ కోరికలు తీర్చుకొను తలిదండ్రులు లోకమున కొరవడలేదు. ప్రతి తరగతి గదిలో వారి బిడ్డలు ఒకరిద్దరు కూర్చుండియే యుందురు. కావున ఇట్టి సందర్భమున అడుగవలసినది తండ్రి ఎంత శ్రమపడెనని కాదు. కుమారుడు కోరెనా యని. తక్కిన బిడ్డలు చాలమంది నోరుండియు ఆ ప్రశ్నకు బదులు చెప్పు అవకాశమునకు నోచుకొనరు. రిక్ చెప్పగలిగెను, అక్షరమునకు అక్షరము చేర్చి. తొలి పరుగునకు పోదమన్నవాడు అతడే. ప్రతి పందెము చివర అతని చేతులు గాలిలోకి లేచుటయు, ముఖమంత నవ్వు పరచుకొనుటయు వేలకొలది జనులు చూచిరి. తాను కేవలము కాళ్ళు చేతులు ఎరువిచ్చువాడననియు, పందెగాడు రిక్ అనియు డిక్ చెప్పుచుండెడివాడు. వినయముగా తోచునుగాని అది వాస్తవము. నియమావళి వయస్సు లెక్క కూడ అదే చెప్పెను.

శ్రవణకుమారుని కావడి మన కందరకు పరిచితము. అంధులైన తలిదండ్రులను మోసినవాడు కుమారుడు. ఆ కావడి పుణ్యక్షేత్రములకు పోయినది. ఇచట మోసినవాడు తండ్రి. పోయినది క్షేత్రమునకు కాదు, గీత గీసిన ఒక తారురోడ్డునకు. అయినను ఈ రెండు కావళ్ళకు ఒక పోలిక కలదు: దారి నిర్ణయించినవారు మోసినవారు కారు.

మెడ్‌ఫర్డ్ తరువాతి కథ దీర్ఘమైనది. మధ్యమ దూరములు అనేకము ముగించి వారు హవాయి పెద్ద పందెమునకు పోయిరి. 1988లో సముద్రపు ఈత నియమిత కాలములో ముగియక వెనుదిరిగిరి. 1989లో మరల పోయి 14 గంటల 26 నిమిషములలో పూర్తి చేసిరి. 1992లో అమెరికా ఖండమును సైకిలుపైనను పరుగునను దాటిరి. 45 దినములు, 3,735 మైళ్ళు. మొత్తము వేయికి పైగా పందెములు, అందు ట్రయాథ్లాన్లు 250కి మించినవి. 2003 ప్రాంతమున డిక్ హృదయమునకు స్వల్పమైన పోటు వచ్చెను. పరీక్షించిన వైద్యులు ఒక రక్తనాళము దాదాపు మూసికొనిపోయినదనియు, దేహము ఇంత దృఢముగా లేనిచో ఎన్నడో మరణించియుండెడివాడనియు చెప్పిరి. సిమెంటు బస్తా త్రోసిన దినములలో ఆయన ఆ లెక్క వేసికొనియుండడు.

రిక్ చదువు ఆపలేదు. 1993లో బోస్టన్ విశ్వవిద్యాలయమునుండి ప్రత్యేక విద్యా శాఖలో పట్టము పొందెను. పిదప బోస్టన్ కళాశాలలో, కనుల కదలికతో నడచు కంప్యూటరు యంత్రమును తీర్చిదిద్దువారికి తోడుపడెను. తనవంటి వారికి మాట నిచ్చు పని అది. నీకు సాధ్యమైనచో తండ్రికి ఏమి బహూకరింతువని ఎవరో అడుగగా, ఒక్కమారు ఆయనను కుర్చీలో కూర్చుండబెట్టి తాను త్రోయవలెనని ఉన్నదని అతడు కూర్చెను.

2013లో బోస్టన్ మారథాన్ ముగింపు గీత వద్ద బాంబులు ప్రేలినపుడు ఆ జంట గమ్యమునకు కొద్ది దూరమున ఆగిపోవలసివచ్చెను. 2014లో తిరిగి వచ్చి, అదే తమ కడపటి బోస్టన్ పరుగుగా పూర్తిచేసిరి. డిక్ 2021 మార్చిలో తన ఎనుబదవ యేట కన్నుమూసెను. రిక్ 2023 మే నెలలో, అరువదియొకటవ యేట.

మారథాన్ ఆరంభమగు హాప్‌కింటన్ పట్టణమున, గీతకు చేరువలో, 2013 ఏప్రిల్‌లో వారి కంచు విగ్రహము నెలకొల్పిరి. తండ్రి ముందునకు వంగి త్రోయుచుండును. కుమారుడు ముందు కూర్చుండియుండును. ఆ విగ్రహమునకు ఎన్నుకొన్న స్థలము ఒక ప్రాథమిక పాఠశాల ముంగిలి.